ఆట ఎక్కడుంది? పాత చేతి వీడియో గేముల మోజు వెనక లెక్కలు

క్లుప్తంగా: 'రెట్రో గేమ్' అన్న ఒక్క పేరు కింద ఇప్పుడు మూడు వేర్వేరు వస్తువులు చేతులు మారుతున్నాయి. తీర్థాల్లో దొరికే బ్రిక్ గేమ్ ఒకటి, నింటెండో గేమ్ బాయ్, సోనీ పీఎస్‌పీ లాంటి అసలు చేతి యంత్రాలు రెండోది, మెమరీ కార్డు నిండా ఆటలతో వచ్చే చైనా యంత్రం మూడోది. మొదటిదాంట్లో ఆట బోర్డుకు అంటించేసిన చిప్పులోనే ఉంటుంది. రెండోదాంట్లో క్యాసెట్‌లోనో డిస్కులోనో ఉంటుంది. మూడోదాంట్లో అది వట్టి ఫైలు. ధర, రిపేరు, మన్నిక, చట్టం అన్నిటికీ మూలం ఈ తేడాయే.

ఒకే బల్ల మీద మూడు పెట్టెలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఒక సెల్‌ఫోన్ రిపేరు బల్ల మీదికి ఒకే రోజు ఈ మూడూ వచ్చాయనుకుందాం. తెచ్చినవాళ్ళ ప్రశ్న మాత్రం ఒకటే ఉంటుంది: "పాత వీడియో గేమన్నా, బాగవుద్దేటి?"

జవాబు మూడింటికీ ఒకటి కాదు. మొదటిదానికి స్క్రూడ్రైవర్, కాస్త స్పిరిట్ చాలు. రెండోదానికి సోల్డరింగ్ ఐరన్ కావాలి, దాంతోపాటు ఓపిక కూడా. మూడోదాని జబ్బు చాలాసార్లు యంత్రంలో ఉండదు, గోరంత మెమరీ కార్డులో ఉంటుంది. ఈ తేడా తెలియకుండా కొన్నవాళ్ళే 'మోసపోయాం' అంటున్నారు. నిజానికి ఆ బేరాల్లో చాలావరకు మోసం కంటే పేర్ల గందరగోళమే ఎక్కువ.

ఇక్కడి జ్ఞాపకం గేమ్ బాయ్‌ది కాదు

గేమ్ బాయ్ జపాన్‌లో 1989 ఏప్రిల్ 21న విడుదలైంది. ఉత్తరాంధ్ర పట్టణాల దుకాణాల్లో అది పెద్దగా కనబడలేదు. తొంభైల్లో ఇక్కడి పిల్లలకు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే డబ్బా. అది చాలావరకు 1983లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కు అనుమతి లేని నకలు. దానికో పసుప్పచ్చ క్యాసెట్, మీద '64 ఇన్ 1' అని అచ్చు. సొంతంగా కొనలేనివాళ్ళు గంట లెక్కన డబ్బిచ్చి ఆడుకునే దుకాణాలు ఉండేవి. మారియో, కాంట్రా అందరికీ అక్కడే తెలిశాయి.

క్యాసెట్ పట్టకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టడం ఆ రోజుల వైద్యం. పనిచేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. పిన్నులు మరో చోట ఆనడంతో కరెంటు దారి కలిసేది. ఊదిన గాలిలోని తడి మాత్రం మెల్లగా పిన్నులకు చిలుము పట్టించేది. ఇప్పుడు పాత క్యాసెట్లు సేకరించేవాళ్ళు మొదట తుడవాల్సి వచ్చేది ఆనాటి ఈ వైద్యం తాలూకు మరకనే.

అసలైన చేతి యంత్రాల్లో ఇక్కడ కొంతైనా కనబడేది సోనీ పీఎస్‌పీ. 2004లో జపాన్‌లో వచ్చాక దాన్ని సోనీ మన దేశంలోనూ అమ్మింది. ఉద్దానం ఊళ్ళ నుంచి గల్ఫ్‌కూ, ఓడల మీదా పనికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. సెలవుకొచ్చేటప్పుడు సామానులో ఇలాంటి వస్తువు ఒకటి ఉండడం వింతేమీ కాదు. కాబట్టి ఈ రెండు జిల్లాల్లో అసలు యంత్రం కోసం వెతికేవాళ్ళకు ఆన్‌లైన్ ప్రకటనల కన్నా బంధువుల ఇళ్ళ అటకలే మంచి దారి.

బ్రిక్ గేమ్: అద్దంలో అచ్చయిన గళ్ళు

పైడితల్లమ్మ సిరిమానోత్సవం లాంటి జనసందోహంలో బొమ్మల దుకాణాల మీద వేలాడే బ్రిక్ గేమ్‌ను సేకరణ వస్తువుగా ఎవరూ లెక్కపెట్టరు. పనిచేసే తీరు చూస్తే మాత్రం మూడింట్లోనూ అదే విచిత్రమైనది.

దాని తెర క్యాల్క్యులేటర్ తెరకు దగ్గరి చుట్టం. అడ్డంగా 10, నిలువుగా 20, మొత్తం 200 గళ్ళు అద్దం తయారయ్యేటప్పుడే అందులో ఏర్పడతాయి. చిప్పు చేసేదల్లా ఏ గడి నల్లబడాలో చెప్పడమే. ఆ చిప్పు కూడా కాళ్ళున్న నల్ల పురుగులా ఉండదు, బోర్డు మీద తారుబొట్టులా అంటించి ఉంటుంది. మార్చడానికీ లేదు, కొత్త ఆట ఎక్కించడానికీ లేదు.

మరి '9999 ఇన్ 1' సంగతేమిటి? అది గుణకారం. లోపల ఉండేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మూల ఆటలు: ఇటుకల ఆట, కారు ఆట, పాము ఆట, ట్యాంకు ఆట. ఒక్కోదానికి పది వేగాలు, పది స్థాయిలు, కొన్ని తలకిందుల రకాలు. అన్నిటినీ హెచ్చవేసి పెట్టె మీద అచ్చేస్తారు. ఇటుకల ఆటకు మూలమైన టెట్రిస్‌ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. ఈ పెట్టెల మీద ఆయన పేరు వెతకడం వృథా.

తెరలో ఒక నిలువు వరుస మొత్తం మాయమైతే చాలామంది పారేస్తారు. ఇలాంటి తెరల్లో అద్దానికీ బోర్డుకూ మధ్య సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. కరెంటును మోసేది, ఆపేది పొరలు పొరలుగా పేర్చిన పట్టీ అది. దాని అంచునూ, బోర్డు మీది గీతలనూ స్పిరిట్‌తో తుడిచి స్క్రూలు సమంగా బిగిస్తే వరుస చాలాసార్లు తిరిగొస్తుంది.

బలహీనమైన యంత్రమే ఎందుకు మిగిలింది?

గేమ్ బాయ్‌ను రూపొందించిన జట్టుకు పెద్ద గుంపే యోకోయ్. అందరికీ పాతబడి చవకైపోయిన సరుకుతో కొత్త పని చేయించాలన్నది ఆయన పద్ధతి. ఇప్పుడు దాదాపు ప్రతి కంట్రోలర్ మీదా కనబడే కూడిక గుర్తు బటన్ కూడా ఆయనదే, 1982 నాటి ఒక చిన్న గేమ్ అండ్ వాచ్ యంత్రం కోసం చేసింది.

గేమ్ బాయ్ తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు. రంగులు లేవు, ఆకుపచ్చ మీద నాలుగు ఛాయలే. వెనక దీపం లేదు. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కూ, 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్‌కూ రంగులూ, దీపమూ రెండూ ఉన్నాయి. కాకపోతే గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్లను మూడు నుంచి ఐదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో పదిహేను గంటలు దాటి నడిచేది. పిల్లవాడికి సెల్లు కొనిపెట్టేది తల్లిదండ్రులే కాబట్టి ఫలితం మీద పెద్ద అనుమానం అక్కర్లేదు. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి 11.86 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ఈ చరిత్ర ఇవాళ్టి సేకరణదారుకు నేరుగా పనికొచ్చేదే. తక్కువ వేడి, తక్కువ భాగాలు, సరళమైన బోర్డు ఉన్న యంత్రం ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా స్విచ్ వేస్తే లేస్తుంది. గేమ్ గేర్ అలా కాదు. దానిలోని కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలిపే చిన్న భాగాలు) కారిపోవడం ఎంత మామూలైందంటే, అవి మార్చని గేమ్ గేర్ దొరికితే 'ఇంకా పాడవలేదు' అనుకోవాలి తప్ప 'బాగుంది' అనుకోకూడదు.

రిపేరు ఎక్కడ ఆగి మోడ్ ఎక్కడ మొదలవుతుంది

పాత గేమ్ బాయ్‌కు తరచుగా వచ్చే జబ్బు తెర మీద నిలువు గీతలు మాయమవడం. దీనికి చేసే వైద్యం దగ్గరగా చూడదగ్గది.

వెనక ఉన్న స్క్రూల తల మూడు కాళ్ళ ఆకారంలో ఉంటుంది, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. విప్పితే యంత్రం పుస్తకంలా రెండు ముక్కలవుతుంది. తెర ఉన్న ముక్కలో, అద్దం కింది అంచున సన్నటి రిబ్బన్ వేడితో అంటించి ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఆ అతుకు అక్కడక్కడా వదులవుతుంది. ఎక్కడ వదిలితే అక్కడి గీత పోతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడి తగ్గించి, ఆ అంచు వెంబడి ఇస్త్రీ చేసినట్టు మెల్లగా నడిపిస్తే గీతలు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. యంత్రం ఆన్‌లో ఉంచి చేస్తారు కాబట్టి గీత రావడం కళ్ళముందే కనబడుతుంది. వేడి కాస్త ఎక్కువైందా, రిబ్బన్ కరిగి తెర మొత్తం పోతుంది. రోజూ ఫోన్ల రిబ్బన్లతో కుస్తీపట్టే మెకానిక్కు ఇదేమీ కొత్త విద్య కాదు. కొత్తల్లా స్క్రూడ్రైవరే.

ఇంతవరకు రిపేరు. పాత తెర తీసేసి ఫోన్ తెరల జాతికి చెందిన ఐపీఎస్ తెర పెడితే అది మోడ్. కారణం సులువుగానే అర్థమవుతుంది. 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు కూడా తెర దీపం లేదు, కిటికీ దగ్గర కూర్చుంటే తప్ప ఆట సరిగా కనబడదు. 2003 నాటి ఎస్పీ మోడల్‌కు తెర ముందువైపు దీపం పెట్టారు, వెనక దీపం ఆ తర్వాతి రకానికే వచ్చింది. కొత్త తెరతో ఈ బాధ పోతుంది. బదులుగా సెల్లు తొందరగా అయిపోతాయి, కొన్ని కిట్లకు పెట్టె లోపలి ప్లాస్టిక్ కోయాల్సి వస్తుంది. కోసిన ప్లాస్టిక్ మళ్ళీ అతకదు. తర్వాత అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్ళు పెట్టెను కోయకుండా ఇమిడే కిట్ ఎంచుకోవడం, తీసిన భాగాలన్నీ ఒక కవర్లో దాచడం మేలు.

క్యాసెట్లో మరో చిన్న టైం బాంబు ఉంటుంది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునే జ్ఞాపకం చాలా గేమ్ బాయ్ క్యాసెట్లలో గుండ్రటి బటన్ సెల్ మీద బతుకుతుంది. సెల్ చచ్చిపోతే దాచుకున్నదంతా చెరిగిపోతుంది. 1999 నాటి పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో ఆ సెల్ గడియారాన్ని కూడా నడపాలి, అందుకే అవి ముందే చేతులెత్తేస్తాయి. అడ్వాన్స్ కోసం వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్‌లలో ఆట కరెంటు లేకపోయినా మరిచిపోని ఫ్లాష్ చిప్పులో భద్రమవుతుంది. సెల్ పోతే ఆగేది గడియారం మాత్రమే. మార్చేటప్పుడు సెల్ మీద నేరుగా ఐరన్ పెట్టకూడదు, వేడికి అది పేలవచ్చు. రేకు కాళ్ళు ముందే అతికి ఉన్న సెల్లు దొరుకుతాయి, అవే వాడాలి.

నకిలీ క్యాసెట్లను పట్టుకునే దారి కూడా లోపలి బోర్డే. అసలు బోర్డు మీద కంపెనీ పేరు అచ్చయి ఉంటుంది. ఆ పేరు లేకుండా, బ్రిక్ గేమ్‌లో చూసిన తారుబొట్టు ఇక్కడా కనబడితే అనుమానించాల్సిందే.

ఉప్పుగాలి పన్ను

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. జపాన్, యూరప్ సేకరణదారుల సలహాలు ఇక్కడ యథాతథంగా పనిచేయకపోవడానికి కారణం అదే. అక్కడ పొడిగా ఉండే అల్మారాలో ఇరవై ఏళ్ళు దాచిన యంత్రం, ఇక్కడ కళింగపట్నంలోనో బారువలోనో నాలుగు వానాకాలాలు చూస్తే వేరే వస్తువైపోతుంది.

మొదట దెబ్బతినేది సెల్లు ఆనే స్ప్రింగులు. మరిచిపోయి వదిలేసిన ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, దానికి విరుగుడు వెనిగర్ లేదా నిమ్మరసం. చవక జింక్ కార్బన్ సెల్ కారితే వచ్చేది ఆమ్లగుణం ఉన్నది, దానికి వంటసోడా నీళ్ళు. రెండిట్లో ఏది చేసినా చివర స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరబెట్టాలి. తర్వాత దెబ్బతినేది తెర మీద వెలుగును వడగట్టే పోలరైజర్ పొర. వేడి, చెమ్మ కలిస్తే అది విరిగిపోతూ పుల్లటి వాసన వేస్తుంది, తెర మధ్యలో నల్లటి మచ్చ పడుతుంది. ఆ పొర ఒక్కటే మారిస్తే చాలు, తెర మొత్తం మార్చక్కర్లేదు.

దాచడానికి ఖరీదైన పెట్టెలేమీ అక్కర్లేదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, అందులో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు. సెల్లు మాత్రం బయటే.

పీఎస్‌పీ సంగతి వేరు. దాని లిథియం బ్యాటరీ ఉబ్బి వెనక మూతను తన్నేస్తుంది. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. అసలు బ్యాటరీ మొదటి మోడల్‌కు 1800, తర్వాతి పలచటి మోడళ్ళకు 1200 మిల్లీ ఆంపియర్ అవర్లు. అదే సైజులో 3600 అని ముద్రించినది దొరికితే అది అచ్చుయంత్రం మహిమే.

చైనా యంత్రాలు: తెర లెక్కే అసలు లెక్క

ఇప్పుడు వార్తల్లో, వీడియోల్లో ఎక్కువగా కనబడేవి ఈ మూడో రకం: ఆన్‌బెర్నిక్, మియూ మినీ, ఆర్36ఎస్. లోపల ఉండేది చవక ఫోన్ చిప్పు లాంటిది, పైన యంత్రాన్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్, దాని మీద పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్. గేమ్ బాయ్ టెట్రిస్ మొత్తం 32 కిలోబైట్లు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం ఫోటో అంతకన్నా పెద్దది. కాబట్టి వేల ఆటలు కార్డులో పట్టడం పెద్ద విశేషం కాదు.

కొనేటప్పుడు చాలామంది చూసేది ఆటల సంఖ్య, చూడాల్సింది తెర కొలత. పాత చుక్కను కొత్త తెర మీద సరిగ్గా రెండింతలో మూడింతలో చేస్తే బొమ్మ పదునుగా ఉంటుంది. రెండున్నర ఇంతలు చేస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా పడి, బొమ్మ కదిలేటప్పుడు మెరుస్తున్నట్టు కనబడుతుంది. ఆర్36ఎస్ లాంటివాటి తెర 640 బై 480 చుక్కలు. ఫ్యామికామ్ బొమ్మ 256 బై 240, రెండింతలు చేస్తే 512 బై 480, ఎత్తు సరిగ్గా నిండిపోతుంది. గేమ్ బాయ్ మూడింతలై 480 బై 432 వస్తుంది, చుట్టూ నల్ల అంచుతో. గేమ్ బాయ్ అడ్వాన్స్ 240 బై 160, దాన్ని వెడల్పంతా నింపాలంటే 2.67 ఇంతలు సాగదీయాలి, అక్కడ పదును పోతుంది. 720 బై 480 తెర ఉన్న ఆన్‌బెర్నిక్ మోడల్ పుట్టింది దీనికోసమే, సరిగ్గా మూడింతలు. 2021లో వచ్చిన అనలాగ్ పాకెట్ తెర 1600 బై 1440, అంటే గేమ్ బాయ్‌కు కచ్చితంగా పదింతలు. కాకపోతే అది ఎమ్యులేటర్ కాదు, పాత చిప్పు సర్క్యూట్‌ను మళ్ళీ అల్లుకునే చిప్పుతో అసలు క్యాసెట్లనే ఆడిస్తుంది, ధర కూడా వేరే తరగతి.

ఇక్కడివాళ్ళు మొదట వెతికేది కాంట్రా, మారియోనే అయితే, చవక 640 బై 480 తెరే వాళ్ళకు సరిపోతుంది. ఖరీదైనది కొనడం అడ్వాన్స్ ఆటల మీద ప్రత్యేకమైన ఇష్టం ఉన్నవాళ్ళకే అర్థవంతం.

పెట్టెతో వచ్చే మెమరీ కార్డు ఈ యంత్రాలన్నిటికీ బలహీన స్థానం. ఊరూ పేరూ లేని ఆ కార్డు కొన్ని నెలల్లోనే మొరాయించవచ్చు. కొన్ని కార్డులు తమ సామర్థ్యం గురించే అబద్ధం చెప్తాయి. ఉన్న చోటు నిండాక కొత్తది రాయమంటే, పాతదాని మీదే రాసి 'అయింది' అంటాయి. యంత్రం రాగానే కార్డును కంప్యూటర్లో నకలు తీసి, నమ్మకమైన కార్డు మీదికి ఎక్కించడం మొదటి పని కావాలి.

ఆర్36ఎస్‌కు ఇంకో తలనొప్పి ఉంది. నకలు యంత్రానికే నకళ్ళు వచ్చేశాయి. అదే పెట్టె, అదే పేరు, లోపల వేరే బోర్డు, వేరే తెర. ఒకదాని సాఫ్ట్‌వేర్ మరోదానికి ఎక్కిస్తే తెర నల్లగా ఉండిపోతుంది. చాలాసార్లు యంత్రం చావలేదు, ఆ తెరకు సరిపడే ఫైలు కార్డులో పెట్టలేదంతే.

విదేశాల్లో చెప్పే ధరకూ ఇక్కడి ధరకూ పొంతన లేకపోవడానికి కారణాలు కొన్ని విధానాల్లోనే ఉన్నాయి. 2020 నవంబరు 24న కేంద్రం నిషేధించిన 43 యాప్‌లలో, ఇలాంటి సరుకు ప్రపంచమంతా కొనుక్కునే అలీఎక్స్‌ప్రెస్ ఒకటి. వీడియో గేములు 2012 నాటి ఎలక్ట్రానిక్స్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు తొలి జాబితాలోనే ఉన్నాయి. చిన్న తయారీదారు అంత తతంగం పెట్టుకోడు. మధ్యవర్తి తెచ్చి, తన లాభం వేసుకుని అమ్ముతాడు, వారంటీ ఆ మధ్యవర్తి నోటిమాటే.

చట్టం ఏమంటుంది

ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ వేరు, దానిలో ఆడే ఆట ఫైలు వేరు. చర్చలన్నీ ఈ రెండిటినీ కలిపేయడం వల్లే ముదురుతున్నాయి. సోనీకీ, ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్‌కూ మధ్య వ్యాజ్యంలో 2000లో అమెరికా అప్పీలు కోర్టు ఎమ్యులేటర్ తయారీకి అనుకూలంగా తీర్పిచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ తన యాప్ స్టోర్‌లో పాత ఆటల ఎమ్యులేటర్లకు తలుపు తెరిచింది. ఈమధ్య ఆసక్తి పెరగడానికి అదీ ఒక కారణం.

ఆట ఫైలు దగ్గరికొస్తే మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల్లో చేర్చింది. న్యాయంగా కొన్న ప్రతి ఉన్నవాళ్ళు, అది పాడైపోతుందేమోనని తాత్కాలిక రక్షణగా నకలు తీసుకోవడానికి 52వ సెక్షన్ వీలిచ్చింది. పెట్టెతో పాటు వేల ఆటలు నింపి అమ్మడం ఆ వీలు కిందికి రాదు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాలను తప్పించడాన్ని శిక్షించదగ్గ నేరం చేసింది. పీఎస్‌పీలో కంపెనీది కాని ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించేవాళ్ళు 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు చూసుకోవాల్సింది ఇక్కడే. సొంతంగా రాసిన ఆట ఆడుకోవడానికా, డిస్కు కొనకుండా ఆడుకోవడానికా అన్నదాన్ని బట్టి బరువు మారుతుంది.

తెలుగు అక్షరానికి ఎన్ని గళ్ళు?

చట్టం చిక్కు లేని దారి ఒకటుంది: కొత్త ఆట రాసుకోవడం. 2019లో వచ్చిన జీబీ స్టూడియో అనే ఉచిత పరికరంతో, ప్రోగ్రామింగ్ పెద్దగా తెలియకపోయినా అసలు గేమ్ బాయ్ మీద నడిచే ఆట తయారుచేయవచ్చు. తయారైన ఫైలు చైనా యంత్రంలోనూ నడుస్తుంది, ఖాళీ క్యాసెట్లోకి ఎక్కిస్తే ముప్ఫై ఏళ్ళ నాటి యంత్రంలోనూ నడుస్తుంది. అందులో పాత్రలు తెలుగులో మాట్లాడాలంటేనే చిక్కు.

గేమ్ బాయ్ తెరను 8 బై 8 చుక్కల పలకలతో కడుతుంది. అడ్డంగా 20 పలకలు, నిలువుగా 18. ఇంగ్లీషు అక్షరం ఒక్క పలకలో ఇమిడిపోతుంది. తెలుగు అక్షరం తలకట్టు, గుడి, ఒత్తులతో ఎనిమిది చుక్కల ఎత్తులో గుర్తుపట్టలేని మరకవుతుంది. కనీసం 16 బై 16, అంటే నాలుగు పలకలు కావాలి. అప్పుడు వరుసకు పది చోట్లు, తెరకు తొమ్మిది వరుసలు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. ఇబ్బంది పలకల కోటాలో ఉంది. నేపథ్యానికి ఒకసారి వాడుకోగలిగేవి 256 పలకలే. బొమ్మలకేమీ మిగల్చకుండా అన్నీ అక్షరాలకే ఇచ్చినా 64 రూపాలకు మించవు. ఒక్క గుణింతం పూర్తిగా పెట్టినా అందులో పావు వంతు పోతుంది. అందుకే మాట మారినప్పుడల్లా ఆ వాక్యానికి కావాల్సిన అక్షరాలనే లోపలికి తెచ్చి, పాతవి తీసేయాల్సి ఉంటుంది.

ఈ లెక్కన విజయనగరం ఒక వరుసలో ఏడు చోట్లు తీసుకుంటుంది, సున్నాతో సహా. శ్రీకాకుళానికి ఐదు చాలు, కానీ 'శ్రీ' కింది క్రావడి పదహారు చుక్కల్లో పట్టదు. దానికోసం కింది వరుసలో ఇంకో పలక అరువు తెచ్చుకోవాలి.